ఆకాశం మీది మీగడ

ఎండొచ్చె ఎండొచ్చె ఏటిగట్టు మీద,
వడియాలు పెట్టండి వదినలూ మీరు,
కొంగైన కప్పండి కూనమ్మ మీద...

దీని తర్వాత ఇంకో పాదం ఉంది అమ్మలూ. నేను నీ అంత ఉన్నప్పుడు మా ఊళ్ళో వడియాలు పెడుతూ పాడుకునేవాళ్ళం. ఆ పాదం ఎక్కడికి పోయిందో, ఎంత తలుచుకున్నా రావట్లేదు. అప్పట్లో నాకు అక్షరాలు రావు కదా, రాసి పెట్టుకోలేదు. పోన్లే. కాళ్ళు దుప్పట్లోకి పెట్టుకో. ఎండ పాట సగమే అయినా ఎండ కథ మొత్తం చెప్తాను.

అనగా అనగా, ఎండని నమ్ముకుని బతికే ఒక ఊరు. ఊరికి ఒక పక్క సముద్రం, మిగతా పక్కలన్నీ ఉప్పుమళ్ళు. ఊళ్ళోవాళ్ళు సముద్రం నీళ్ళు మళ్ళలోకి తోడేవాళ్ళు. ఎండ వచ్చి ఆ నీళ్ళు తాగేసేది. అడుగున తెల్లగా ఉప్పు మిగిలేది. అందరూ వాన కోసం మొక్కుకుంటే ఆ ఊరివాళ్ళు ఎండ కోసం మొక్కుకునేవాళ్ళు.

అంత ఎండ ఊళ్ళో ఒకే ఒక్క ఇల్లు చల్లదనం మీద బతికేది. అది గవరయ్య ఇల్లు. గవరయ్యా, అతని కూతురు నూకాలూ కలిసి చలవకుండలు చేసేవాళ్ళు. రాగి కుండ, దాని కడుపులో మెలికలు తిరిగిన గొట్టం, ఆ గొట్టంలో తిరుగుతూ ఒక గాలి. ఆ గాలి తిరిగినంత కాలం కుండలో పెట్టిన చేప చెడదు, మజ్జిగ పులవదు.

అంతకుముందు కూడా చలవకుండలు ఉండేవిలే. అప్పుడు వాటిలో వేరే గాలులు నింపేవాళ్ళు. ఒక గాలి కంపు కొట్టేది. ఒక గాలి దీపం తగిలితే భగ్గుమనేది. ఇంకో గాలి పీలిస్తే మనిషి కళ్ళు తిరిగి పడిపోయేవాడు. ఆ తర్వాత దూరదేశం పండితులు ఒక కొత్త గాలి చేశారు. దానికి వాసన లేదు. దీపం పెట్టినా మండదు. చీమ మీద ఊదినా చీమ తన దారిన తను పోయేది. ఎవరి జోలికీ పోని గాలి కదా, అందుకని దాన్ని సాధుగాలి అన్నారు.

కుండ పాతబడితే కడుపులో గాలి కూడా నీరసపడేది. కొత్తది నింపాలంటే పాతది తీసెయ్యాలి. ఆ తీసెయ్యడానికి గవరయ్యకి ఒక పద్ధతి ఉండేది. ఇన్నాళ్ళు మన ఇంట్లో ఊడిగం చేసిన గాలి, దాన్ని బంధించి ఉంచితే ఊపిరి బిగబట్టినంత పాపం అనేవాడు. కుండని అరుగు మీద కూర్చోబెట్టేవాడు. గొట్టం చివర తిప్పే బిరడా ఉంటుందే, ఆ ముక్కుకి పసుపు రాసేవాడు. ఆ తర్వాత ముక్కు తిప్పి, చేతులు జోడించి, "వెళ్ళిరా తల్లీ" అనేవాడు.

అప్పుడు గాలి స్స్‌స్ అంటూ బయటికి పోయేది. పిల్లలంతా పరిగెత్తుకొచ్చి బుగ్గలు పెట్టేవాళ్ళు. ఎంత చల్లగా ఉండేదో.

చూసినవాళ్ళకి ఆ పద్ధతి ముచ్చటేసింది. తీరం పొడుగునా కుండలు చేసేవాళ్ళంతా గవరయ్య దగ్గరికి వచ్చి నేర్చుకుపోయారు. ఊరూరా పసుపు ముక్కులు, ఊరూరా "వెళ్ళిరా తల్లీ".

మరి ఆ గాలి ఎటు పోయిందంటావు? ఎటూ పోలేదు, పైకి ఎక్కింది. దానికి తొందరేముంది. వాన కురిస్తే కరిగి కిందికి రాదు, ఎండ కాస్తే ఎండిపోదు. నూకాలు ఉయ్యాల్లో ఉన్నప్పుడు వదిలిన గాలి, నూకాలు ఓణీ వేసుకున్నా ఇంకా ఎక్కుతూనే ఉంది.

అక్కడ పైన, పక్షులకి పైన, మబ్బులకి కూడా పైన, ఆకాశం మీద ఒక మీగడ ఉంటుంది. పాల మీద కడుతుందే, అలాంటిది. మన కంటికి ఆనదు. చదువుకున్నవాళ్ళు దాన్ని ఓజోను పొర అంటారు. నేను అక్షరాలు దిద్దుకునే రోజుల్లో మీ అమ్మ బడిపుస్తకంలో కూడబలుక్కుని చదివాను. ఆ మీగడంతా పోగుచేసి నేల మీదికి దించి పరిస్తే రెండు రూపాయి బిళ్ళలు దొంతి పెట్టినంత మందమే ఉంటుందట. ఆ మాట చదివి ఆ రోజు చాలాసేపు వాకిట్లో నుంచుని పైకి చూశాను. అంత పెద్ద సూర్యుడికీ మనకీ మధ్య అంత పల్చటి అడ్డమా అని.

సూర్యుడికి ముగ్గురు పిల్లలు. పెద్దది వెలుగు. రెండోది వేడి. మూడోది చురుకు. వెలుగు కంటికి కనిపిస్తుంది, వేడి ఒంటికి తెలుస్తుంది. చురుకు మాత్రం కనపడదు, వచ్చినట్టూ తెలియదు. కాల్చి పోయాకే తెలుస్తుంది. ఆకాశం మీది మీగడ ఆ మూడోదాన్ని పట్టుకుని ఆపుతుంది. మొదటి ఇద్దర్నీ మాత్రం పోనిస్తుంది.

సాధుగాలి ఎక్కి ఎక్కి ఆ మీగడ దగ్గరికి చేరింది. అక్కడ చురుకు ఎదురైంది. కింద ఎవరూ విప్పలేని సాధుగాలి ముడిని చురుకు ఒక్క గోటితో విప్పింది. అప్పుడు సాధుగాలి కడుపులోంచి ఒక పచ్చపురుగు బయటపడింది. బయటపడి మీగడలో ఒక నలుసు కొరికింది. పొట్ట నిండలేదు. ఇంకో నలుసు కొరికింది. ఎంత తిన్నా దాని పొట్ట నిండదు, అది అంత తొందరగా చావదు. అలాంటి పురుగులు ఒకటీ రెండూ కాదు, ప్రతి పసుపు ముక్కులోంచీ పోయినవన్నీ అక్కడే ఉన్నాయి.

సూర్యుడికి కోపం రాలేదు. పురుగుకి ఎవరి మీదా పగ లేదు. ఎవరి పని వాళ్ళు చేశారు. మీగడ మాత్రం పల్చబడింది, చురుకు కిందికి దిగింది.

ముందు ఉప్పుమళ్ళలో పనిచేసే ఆడవాళ్ళ మెడలు కాలాయి. ఎర్రగా పొక్కి, తోలు ఊడి, మళ్ళీ అక్కడే మచ్చలు లేచాయి. ఆ తర్వాత చిక్కుళ్ళ ఆకులు ముడుచుకుపోయాయి, సముద్రంలో చేపపిల్లలు తినే పచ్చటి నాచునలుసు తగ్గింది, వలలు తేలిగ్గా తేలాయి. ఆ తర్వాత కళ్ళు. రోజంతా అరుగు మీద కూర్చుని ఆరుబయట పనిచేసే గవరయ్యకి రెండు కళ్ళకీ పొరలు కమ్మాయి. కుండ అంచు రెండుగా కనిపించింది, తర్వాత పొగలా కనిపించింది, తర్వాత కుండే కనిపించలేదు.

నూకాలుకి మాత్రం ఒకటే దిగులు. నాయన చూపు పోతోంది, అది ఎందుకు పోతోందో తెలియదు. తెలిస్తే కదా ఆపడానికి.

ఊరివాళ్ళు ఊరుకున్నారా అంటే ఊరుకోలేదు. ముందు చాపలన్నీ కలిపి కుట్టి మళ్ళ మీద పందిరి వేశారు. నీడ బాగానే ఉంది, కానీ నీళ్ళు ఇంకలేదు, ఉప్పు కట్టలేదు. ఎండ లేకపోతే ఆ ఊరికి కూడు లేదు. పందిరి పీకేశారు.

ఆ తర్వాత ఒంటికి ముల్తానీ మట్టి పూసుకుని పనికి పోయారు. చెమటకి మట్టి కారి ఉప్పులో పడింది. కొనేవాళ్ళు ఆ ఉప్పు నోట్లో వేసుకుని చూసి, "ఏం కాసులమ్మా, ఉప్పుతో పాటు ఊరు కూడా తూచి ఇస్తున్నావే" అన్నారు.

కాసులమ్మ ఉప్పుమళ్ళ మేస్త్రీ. ఆమె నోటికి ఊరంతా భయం. "ఊరు ఊరికే ఇస్తున్నాలే, ఉప్పుకే డబ్బులు" అంది.

ఆ తర్వాత అందరూ కలిసి సూర్యుడికి పొంగలి పెట్టి, కాస్త నెమ్మదిగా రావయ్యా అని వేడుకున్నారు. సూర్యుడు, "నేను ఎప్పుడూ వచ్చినట్టే వస్తున్నాను. మారింది మీవైపే" అన్నాడు.

అప్పుడు ఒక ఓడ వచ్చింది. ఆ ఓడ నడిపే సరంగు దావూదు గవరయ్యకి పాత స్నేహితుడు. ఓడలో చలవకుండ బాగుచేయించుకోవడానికి ఎప్పుడూ ఇక్కడికే వస్తాడు. వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఏం గవరన్నా, నన్ను చూసి మొహం అటు తిప్పుకున్నావు? పోయినసారి తెచ్చిన ఖర్జూరాలు పుచ్చులా?"

"మొహం నీవైపే ఉందిరా దావూదూ. నువ్వే ఎక్కడున్నావో తెలియట్లేదు."

దావూదు దగ్గరికి జరిగి గవరయ్య చెయ్యి పట్టుకున్నాడు. ఆ తర్వాత తను చూసిందీ విన్నదీ చెప్పాడు. దక్షిణాన, భూమి చివర, మంచు తప్ప మరేమీ లేని దేశం ఒకటి ఉంది. అక్కడ చలికాలం పోయి సూర్యుడు మొహం చూపించే వేళకి, ప్రతి ఏడూ మీగడకి చిల్లు పడుతోంది. ఒక దేశమంత చిల్లు. అక్కడి పండితులు ఆకాశంలోకి బుడగలు పంపి, ఆ చిల్లు దగ్గరి గాలి పట్టి తెచ్చి చూశారు. అందులో పచ్చపురుగు ఉంది. ఆ పురుగు పుట్టిల్లు సాధుగాలి.

నూకాలు చేతిలో పసుపు గిన్నె ఉంది. దావూదు కుండ ముక్కుకి రాయబోతోంది. ఆగిపోయింది.

"మా గాలి అంత దూరం పోతుందా బాబాయ్?"

"గాలికి దూరం ఏముందమ్మా. అందరిదీ పోయింది, మీదీ పోయింది."

గవరయ్య నవ్వాడు. "ఒరే, చీమకి కూడా అపకారం చెయ్యని గాలిరా అది. సముద్రం మీద తిరిగి తిరిగి నీకు కథలెక్కువైపోయాయి" అన్నాడు. ఆ తర్వాత లేచి, గోడ తడుముకుంటూ లోపలికి పోయి పడుకున్నాడు.

నూకాలు ఆలోచించింది. చలి ఎక్కడుంటే అక్కడికి దిగడం ఆ గాలి గుణం. ఆ సంగతి ఆమెకి పనిలో తెలిసిందే. ఖాళీ కుండ ఒకటి తెచ్చి, ఇంట్లో చలవకుండలో కట్టిన మంచుగడ్డల మధ్య పెట్టింది. దావూదు కుండ ముక్కునీ ఖాళీ కుండ ముక్కునీ గొట్టంతో కలిపింది. ముక్కు తిప్పింది. గాలి చప్పుడు లేకుండా ఇందులోంచి అందులోకి దిగింది. అప్పుడు మైనం కరిగించి, దాని మీద లక్క పోసి, గుడ్డ చుట్టి మూత బిగించింది.

లోపల్నించి గవరయ్య అడిగాడు. "నూకాలూ, దావూదు కుండ విప్పలేదా?"

"విప్పాను నాయనా."

"చప్పుడు వినపడలేదే."

 చూపు పోయాక గవరయ్యకి ఆ స్స్‌స్ చప్పుడు ఒక్కటే మిగిలింది. అది విని చేతులు జోడించేవాడు. ఇప్పుడు అదీ లేదు.

ఆయన గుమ్మం దాకా వచ్చాడు. చేత్తో తడిమి, మూత బిగించిన కుండని పట్టుకున్నాడు. "బంధించావా?"

"బంధించాను."

"ఊపిరి కట్టేసి ఇంట్లో పెట్టుకుంటే ఇల్లు నిలుస్తుందా? నేను నేర్పిందేమిటి, నువ్వు చేసిందేమిటి?"

"నువ్వు పంపినవేవీ పోలేదు నాయనా. అన్నీ మన నెత్తిమీదే ఉన్నాయి. నీ కళ్ళు తిన్నవి అవే."

అంత మాట అనకూడదనే అనుకుంది నూకాలు. అనేసింది. గవరయ్య ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు కూతురితో మాట్లాడలేదు. అరుగు మీద కూర్చుని మొహం పైకెత్తి ఉండిపోయాడు. చూపు లేనివాడు ఏం చూస్తున్నాడో ఎవరికీ తెలియలేదు.

ఊరు ఊరుకుంటుందా. మళ్ళలో ఆడవాళ్ళు గుసగుసలు మొదలుపెట్టారు. కాసులమ్మ ఇంటి ముందుకే వచ్చి, "ఏమే నూకాలూ, గాలి మూటలు కడుతున్నావట. రేపు మాకే అమ్ముతావా, కట్నం కింద మొగుడికి ఇస్తావా?" అంది.

"నీ మెడ మీద పుండు మానితే నీకే ఇస్తాలే పిన్నీ, దండ చేసుకుని వేసుకుందువు."

కాసులమ్మ మెడ తడుముకుంది. నవ్వబోయి, నొప్పి పుట్టి మానుకుంది. "ఆ పుండుకీ దీనికీ సంబంధం ఏంటే?" అంది. నూకాలు కూర్చోబెట్టి చెప్పింది. కాసులమ్మ నమ్మలేదు. కాదనీ అనలేదు.

ఆ సాయంత్రం గవరయ్య కూతుర్ని పిలిచాడు. "దావూదు చెప్పింది నిజమే అనుకో. ఇప్పుడు మానేస్తే నా చూపు వస్తుందా?"

"రాదు నాయనా."

"చిల్లు పూడుతుందా?"

"వెంటనే పూడదట, బాబాయ్ చెప్పాడు. నువ్వు ముందు వదిలినవి ఇంకా దారిలోనే ఉన్నాయట. అవన్నీ చేరి, తిని, కాలం తీరి పోవాలి. అప్పటిదాకా చిల్లు ఇంకా పెరుగుతుందట."

"మరి ఎవరు పూడుస్తారు దాన్ని? అక్కడికి నిచ్చెన వేస్తారా?"

"ఎవరూ పూడ్చక్కర్లేదట. అక్కడి మామూలు గాలినీ చురుకునీ వాటి మానాన వదిలేస్తే, ఆ చురుకే ఆ గాలిని చిలికి మీగడ కడుతుందట. మనం కొత్త పురుగుల్ని పంపకపోతే చాలట."

గవరయ్యకి అది వింతగా తోచింది. నాకూ తోచింది అమ్మలూ. కాల్చేదే తనకి తాను అడ్డం కట్టుకోవడం ఏమిటో. కానీ అది అంతే.

గవరయ్య లేచి పైపంచ భుజాన వేసుకున్నాడు. ఆ తర్వాత, "వెళ్ళిరమ్మని పంపడం తీరమంతా నేర్పినవాణ్ణి నేను. వద్దని చెప్పడానికి నువ్వు పోతే నవ్వుతారు. పద, నీ భుజం ఇవ్వు" అన్నాడు.

కూతురి భుజం మీద చెయ్యి వేసుకుని బయల్దేరాడు. మొదటి ఊళ్ళో మజ్జిగ ఇచ్చి మర్యాద చేసి, ముసలాయనకి మతి చలించిందని వెనక నవ్వుకున్నారు. రెండో ఊళ్ళో పోట్లాడారు. "ఇన్నాళ్ళూ పుణ్యం అన్నావు, మా చేత పసుపు రాయించావు. ఇప్పుడు పాపం అంటున్నావు. రేపు ఏమంటావో రాసిచ్చి పో" అన్నారు. గవరయ్య తిట్లన్నీ విన్నాడు. "రేపూ ఇదే అంటాను" అని చెప్పి లేచాడు.

మూడో ఊళ్ళో ఒక పెద్దావిడ, పేరు బంగారమ్మ, కుండలు చేసే ఇళ్ళకి పెద్దదిక్కు, ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"నీ కళ్ళు రావు. నా కళ్ళకీ పొర మొదలైంది, అదీ ఆగదు. మీగడ కట్టేసరికి మనం ఇద్దరం బూడిద. మరి మనకెందుకయ్యా ఈ శ్రమ?"

గవరయ్యకి పెద్ద మాటలు రావు. "తప్పు అని తెలిశాక చెయ్యి ముక్కు తిప్పట్లేదమ్మా. తిప్పి చూడు, నీకూ తిరగదు" అన్నాడు.

బంగారమ్మ పాత కుండ ఒకటి తెప్పించింది. ముక్కు మీద చెయ్యి వేసింది. వేళ్ళు కాసేపు అక్కడే ఉన్నాయి. ఆ తర్వాత చెయ్యి తీసేసి, "మైనం ఎలా కాస్తారో చూపించు" అంది.

మూడో ఊరు మానింది. అది చూసి రెండో ఊరు మానింది. మొదటి ఊరివాళ్ళు, మేము ఎప్పుడో మానేద్దామనుకున్నాం అన్నారు. ఆ తర్వాత దావూదు ఓడ ఆగిన ప్రతి రేవులోనూ ఆ మాట దిగింది. అటు దూరదేశాల్లో కూడా పెద్దవాళ్ళంతా కూర్చుని ఇదే ఒప్పుకున్నారు. అన్ని ఊళ్ళు ఒక్క మాట మీద నిలబడటం ఎక్కడైనా ఉంటుందా? ఈ ఒక్కదానికి నిలబడ్డాయి. పండితులు మీగడ జోలికి పోని వేరే గాలి కనిపెట్టి ఇచ్చారు. చలవకుండల్లో గాలి మళ్ళీ చల్లగా తిరిగింది.

గవరయ్య ఇంటి వెనక కొట్లో పాతగాలి కుండలు వరసగా పేరుకున్నాయి. వాటిని చూసుకోవడం పెద్ద పని. వేసవికి మైనం మెత్తబడుతుంది, చలికి లక్క బీటలు వారుతుంది. గవరయ్య చూపు లేకపోయినా చెవి పెట్టి వినేవాడు. ఒకప్పుడు ఏ చప్పుడుకి చేతులు జోడించాడో, ఇప్పుడు ఆ చప్పుడు ఎక్కడా రాకూడదని వినేవాడు. ఎక్కడైనా సన్నగా స్స్ అంటే చాలు, నూకాలూ అని కేక పెట్టేవాడు. నూకాలు లక్క పట్టుకుని పరిగెత్తేది.

మీగడ వెంటనే కట్టలేదు. ముందు ఇంకా పల్చబడింది, తర్వాత అలాగే ఆగింది, ఆ తర్వాత ఎవరికీ తెలియకుండా ఒక్కో నలుసూ కట్టుకోవడం మొదలైంది. కాసులమ్మ మెడ మీద పుండు మానింది కానీ మచ్చ పోలేదు. గవరయ్య కళ్ళు తెరుచుకోలేదు. ముసలివాడై మంచం పట్టాడు. నూకాలు అరుగు మీదే మంచం వేసి, పక్కన కూర్చునేది.

అంతే అమ్మలూ.

కథ పోయె కంచికి,
మనమొస్తిమి ఇంటికి,
ఎండ పోయె కొండ కిందికి,
కునుకొచ్చె కంటికి.

ఇంకా నిద్రపోలేదా? ఏమిటీ, గవరయ్య ఆఖరికి నూకాలుతో ఏమన్నాడనా? పెద్ద మాటలు రావని చెప్పానుగా. ఆఖరి రోజు పొద్దున కొంచెం గంజి తాగాడు. మూతి తుడిపించుకున్నాడు. కాసేపు కొట్టు వైపు చెవి ఒగ్గి విన్నాడు. ఆ తర్వాత అన్నాడు:

"ఆ మూల కుండ మూత ఇంకొక్కసారి చూసి రా అమ్మా."